బెజవాడ మేళాలో 1,850 రూపాయల చున్నీ, 20 రూపాయల పూతరేకు

ముందు చున్నీ సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాదేదీ తిన్నగా రాయలేను. సంక్రాంతికి వారం ముందు విజయవాడలో పెట్టిన హస్తకళలు, వంటకాల మేళాకి నేనూ మా ఫ్రెండూ ఖమ్మం నుంచి వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టిన ఇరవై నిమిషాల్లో, "శ్రీకాళహస్తి కలంకారీ మేడమ్, చేత్తో గీసింది" అంటే నమ్మి 1,850 రూపాయలు పెట్టి ఒక చున్నీ కొన్నాను. అది చేత్తో గీసింది కాదు. శ్రీకాళహస్తిదీ కాదు. కలంకారీయే కాదు. ఆ సంగతి తెలియడానికి గంటన్నర పట్టింది.

మా ఫ్రెండ్ టీచరు. ఏ వస్తువునైనా తిరగేసి, కుట్లు లెక్కపెట్టి గానీ కొనదు. "ముందు ఒక రౌండ్ తిరిగొద్దామే, అదెక్కడికీ పోదు" అని రెండుసార్లు అంది. నేను వినలేదు. షాపతను 2,600 అని మొదలుపెట్టి, నేను అడగకుండానే 1,850కి దిగి, "ఆఖరి పీసు" అన్నాడు. వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద జీఐ (ఫలానా ఊరి అసలు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) అని ఇంతంత అక్షరాలు. ఫోన్‌పే చేసేశాను. అప్పటినుంచి తను నాతో పొడిపొడిగా మాట్లాడటం మొదలుపెట్టింది.

మేళా మాత్రం పెద్దదే. టికెట్ మనిషికి 30. మేము వెళ్ళింది గురువారం కాబట్టి నడవడానికి చోటుంది. ఎడమవైపు బట్టలు, కుడివైపు కొయ్య, ఇత్తడి, తోలుబొమ్మలు, చివర తిండి. ఒక మూల ఏటికొప్పాక అతను చిన్న మరమీద లక్కబొమ్మలు తిప్పుతున్నాడు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి లక్క కడ్డీ ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, ఆ తర్వాత ఒక ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మా ఫ్రెండ్ తన క్లాసు పిల్లల కోసం బొంగరాలు, ఒక్కోటి 50 చొప్పున పన్నెండు కొంది. బేరం ఆడలేదు. కళ్ళముందు చేస్తున్న మనిషితో బేరం ఏంటి అంది.

ఆ పక్క వరసలోనే పెడన నుంచి వచ్చిన ఒక పెద్దాయన స్టాలు. బల్లమీద గుడ్డ పరిచి, టేకు చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డమీద పెట్టి పిడికిలితో ఒక్క పోటు పొడుస్తున్నారు. మళ్ళీ జరిపి ఇంకొకటి. నా భుజం మీద చున్నీ చూసి పని ఆపారు.

"ఎక్కడ తీసుకున్నారమ్మా?"

మా ఫ్రెండ్ చెప్పింది, ధరతో సహా. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇంకొకళ్ళ సరుకు గురించి నేను చెప్పకూడదమ్మా. మీరే చూసుకోండి" అని చున్నీ తీసుకుని, ఒక నెమలి పక్కకి ఇంకో నెమలి వచ్చేట్టు మడిచారు. మొదటి నెమలి కాలి దగ్గర నల్లటి చుక్క, ఆవగింజంత. రెండో నెమలికీ అక్కడే అంతే చుక్క. మూడోదానికీ అంతే. చున్నీ పొడవునా పదకొండు నెమళ్ళు, పదకొండు చుక్కలు. కలంతో గీసే చెయ్యి ఒకే తప్పు పదకొండుసార్లు ఒకేచోట ఎలా చేస్తుంది? వెనక్కి తిప్పితే గుడ్డ దాదాపు తెల్లగా ఉంది. రంగు పైపైన కూర్చుందే తప్ప నూలులోకి దిగలేదు.

"మా అచ్చుకి పెచ్చు ఊడినా గుర్తు మళ్ళీ మళ్ళీ పడుతుందమ్మా. కానీ ఒకచోట రంగు ఎక్కువ, ఒకచోట తక్కువ. అచ్చూ అచ్చూ కలిసే దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తుంది. దీనికి అదీ లేదు" అన్నారు. తర్వాత తన గుడ్డ చేతికిచ్చారు. రెండువైపులా రంగు దిగింది, దగ్గర పెట్టుకుంటే వగరు వాసన. కోరా గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఎండబెడతారట. పాలు పట్టించకపోతే రంగు పాకిపోతుంది. తుప్పు ఇనుముని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడితే నలుపు. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక అద్ది, తర్వాత గుడ్డంతా రంగునీళ్ళలో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మచిలీపట్నం, పెడన వాళ్ళవి అచ్చులతో అద్దేవి, శ్రీకాళహస్తి వాళ్ళవి వెదురు కలంతో గీసేవి. రెండిటికీ వేరువేరుగా జీఐ గుర్తింపు ఉంది. నేను మోసపోయిన చోట ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ పేరే, లోపల ఉన్నది మాత్రం స్క్రీన్ ప్రింటు. ఫ్లెక్సీ ఎవరైనా వేయించుకోవచ్చు, దాన్ని చూసి కొనకండి. ఆయన దగ్గర నూలు చున్నీ 780కి తీసుకున్నాను. బిల్లు అడక్కుండానే రాసిచ్చారు.

ఇక వెనక్కి వెళ్ళాం. షాపతను చున్నీ విప్పనైనా విప్పలేదు. "బిల్లేది?" అన్నాడు. బిల్లు ఇవ్వలేదు కదా అంటే, అడగలేదు కదా అన్నాడు. ఫోన్‌పే చూపిస్తే, డబ్బు వచ్చిన మాట నిజమే గానీ అది ఏ సరుకుకో అందులో లేదు కదా అన్నాడు. కావాలంటే ఒక దుప్పటి తీసుకోమన్నాడు. అప్పటిదాకా మౌనంగా ఉన్న మా ఫ్రెండ్ గొంతు పెంచింది. "మీరు గీశారా? ఎవరు గీశారో పేరు చెప్పండి. ఊరు చెప్పండి" అని అడిగితే సమాధానం లేదు. అక్కడే నిలబడి చున్నీలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చేతిలోవి కింద పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాతే అతను 500 తిరిగిచ్చాడు, అదీ విసిరినట్టు.

సమాచార కేంద్రం అని బల్ల వేసిన చోటికీ వెళ్ళాం. అక్కడి కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "అది స్టాలు వాళ్ళకీ మీకూ మధ్య విషయమండీ" అన్నాడు. ఫిర్యాదు రాసే పుస్తకం ఉందా అంటే సార్ భోజనానికి వెళ్ళారన్నాడు. అరగంట నిలబడ్డాం, సార్ రాలేదు. నాకు బాధ అనిపించింది 1,350 పోయినందుకు కాదు. ఆ పెడన పెద్దాయన కట్టిన స్టాలు అద్దె, ఈ స్క్రీన్ ప్రింటు అతను కట్టిన అద్దె ఒకే లెక్క. ఇద్దరి ఫ్లెక్సీల మీదా ఒకే మాట. కొనేవాళ్ళకి తేడా చెప్పే బాధ్యత నిర్వాహకులది కాకపోతే ఎవరిది? వచ్చేవాళ్ళు మొదట ద్వారం దగ్గరి మెరుపులే చూస్తారు, డబ్బులు అక్కడే ఖర్చు పెట్టేస్తారు. అసలు పనివాళ్ళు వెనక వరసల్లో ఉంటారు.

తిండి దగ్గరికి వచ్చేసరికి మూడున్నర. ఇద్దరికీ ఆకలి, ఇద్దరికీ కోపం. జొన్నరొట్టె, వంకాయ కూర ప్లేటు 120, రొట్టె చల్లారిపోయింది. పునుగులు ఫర్వాలేదు. తాపేశ్వరం మడతకాజా అని రాసిన చోట పాకం లోపలిదాకా దిగలేదు, వద్దు.

కానీ ఆత్రేయపురం నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఆవిడ కోసమైనా ఆ మేళాకి మళ్ళీ వెళ్తాను. స్టాలు వెనక మట్టినేల మీద కుండ బోర్లించి, పక్కనున్న కంతలోంచి ఎండాకులు తోస్తోంది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో తెల్లటి నూలుగుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్కసారి లాగుతుంది. సుయ్ మని ఆవిరి. అది పోయేలోపు కుండ మీద రేకు, అవతలి మంట కనిపించేంత పల్చగా. చివర పట్టుకుని లేపేస్తుంది, కింద పడుతున్న పొగడపువ్వంత చప్పుడు కూడా ఉండదు. మా ఫ్రెండ్ అక్కడే చతికిలబడి కూర్చుంది.

"చెయ్యి కాలదా అమ్మా?"

"నేర్చుకునేటప్పుడు కాలిందండి. ఇప్పుడు చెయ్యి ఆగితేనే కాలుద్దండి" అంది ఆవిడ.

రేకుకి కాస్త తడి అద్ది మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి, మడతపెట్టి మా చేతుల్లో పెట్టింది. ఒకటి 20 రూపాయలు. నోట్లో పెట్టుకుంటే ముందు నెయ్యి తెలిసింది, తర్వాత బెల్లం, రేకు ఎప్పుడు కరిగిందో తెలియలేదు. డబ్బాల్లో కొనేవాటిలో రేకు కాగితంలా పళ్ళకి అడ్డం పడుతుంది, అది ఎందుకో ఇక్కడ అర్థమైంది. మా ఫ్రెండ్ రెండోది తింటూ, "నువ్వు ఆ చున్నీ కొనకపోయుంటే ఈపాటికి ట్రైనెక్కేసేవాళ్ళం" అంది. పొద్దుట్నుంచీ తను నా మొహం చూసి మాట్లాడింది అప్పుడే. పది ప్యాక్ చేయించుకున్నాం, 200. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది. ఆవిడ స్టాలు మీద ఆ మాటే లేదు, ఊరి పేరు మాత్రం ఉంది.

రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జిలో 1,600కి ఏసీ గది. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు ఉదయం ఏడింటిదాకే.

మర్నాడు కొండపల్లి వెళ్దామన్నది తనే. మేళాలో కొండపల్లి బొమ్మల స్టాలు ఉంది గానీ, ఊరు ఇరవై కిలోమీటర్ల దూరంలో పెట్టుకుని ఇక్కడ కొనడమేంటి అంది. ఆటోకి రానూపోనూ 800, రెండు గంటలు ఆగడానికి కలిపి. కోట కిందున్న బొమ్మల కాలనీలో చాలా ఇళ్ళ ముందు గది దుకాణం, వెనక గది పనిచోటు. మేము కూర్చున్న ఇంట్లో భర్త తెల్లపొణికి కర్ర చెక్కుతున్నాడు, భార్య రంగులు వేస్తోంది. ఆ కర్ర చేతిలో పెట్టారు, బెండులా తేలిక. ఏనుగుకి తొండం వేరు, చెవులు వేరు, అంబారీ వేరు. అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మక్కు పూర్తిగా ఆరాకే రంగు. చిన్న అంబారీ ఏనుగు 450. మేళాలో అదే సైజుకి 700 చెప్పారు.

నాకు దశావతారాల సెట్ కావాలి. తయారుగా ఉన్నదాంట్లో వరాహం కోర విరిగింది, అతికించి ఇచ్చెయ్యండి అన్నాను. ఆయన ఇవ్వనన్నాడు. కొత్తది చెయ్యాలి, మూడు వారాలు పడుతుందన్నాడు. 2,400 చెప్పాడు, 500 అడ్వాన్సు ఇచ్చాను. ఫ్రెండ్ ఈసారి ఆగమనలేదు, తనూ ఒక ఎడ్లబండికి చెప్పింది.

తిరుగు ప్రయాణంలో పూతరేకుల డబ్బా ఒళ్ళోనే పెట్టుకోండి. మేము పై బెర్తు మీద బ్యాగుల కింద పెట్టి నాలుగు పొడి చేసుకున్నాం. మేళాకి వెళ్తే మాత్రం ద్వారం దగ్గర ఏమీ కొనకండి, చివరిదాకా నడిచి వెనక్కి రండి. బిల్లు మీద స్టాలు నంబరు రాయించుకోండి. రాయనంటే వదిలెయ్యండి.

బొమ్మలు మొన్న మంగళవారం పార్సిల్లో వచ్చాయి. పదీ గడ్డిలో చుట్టి ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. కూర్మం పొట్ట కింద, రంగు పడని చోట, మక్కులో ఒక వేలిముద్ర ఉంది. మిగతా తొమ్మిదీ తిప్పి చూశాను, ఇంకెక్కడా లేదు.