బ్రిక్ లేన్‌లో కర్రీ తినబోతున్నారా? గుమ్మం దగ్గర చెప్పే మాట నమ్మకండి

లండన్ చూడటానికి వచ్చే మనవాళ్లు ఏదో ఒక సాయంత్రం బ్రిక్ లేన్‌కి వెళ్తారు. ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషన్లో దిగితే నడిచిపోయే దూరం. ఆ వీధిలో కర్రీ హోటళ్లు చాలానే ఉన్నాయి, ఎక్కువగా బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్లవి. శ్రద్ధగా వండి పెట్టేవాళ్లూ ఉన్నారు. మాకు చేదు అనుభవం ఎదురైంది మాత్రం జనంతో కిటకిటలాడే ఒక చిన్న హోటల్లో. పేరు రాయను. ఇలాంటిది మీకు వేరే చోటా ఎదురుకావచ్చు కాబట్టి జరిగింది రాస్తున్నా.

తమ్ముడి కుటుంబంతో కలిసి వెళ్లాం. బయట నిలబడ్డ మనిషి దారికి అడ్డొచ్చి, "బిల్లులో 20 శాతం తగ్గిస్తాం, తలా ఒక డ్రింక్ ఫ్రీ" అన్నాడు. ఇలా రోడ్డు మీద జనాన్ని పిలవడాన్ని అక్కడి స్థానిక పాలక సంస్థ టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ నిషేధించింది. అయినా పిలుస్తూనే ఉంటారు.

బిల్లు వచ్చాక చూస్తే తగ్గింపు లేదు. అడిగితే "అది మెయిన్ కర్రీలకే, అదీ క్యాష్ ఇస్తేనే" అన్నారు. మేం అడక్కుండానే తెచ్చి పెట్టిన అప్పడాలకు, పచ్చళ్ల ట్రేకి తలసరి లెక్క కట్టారు. నీళ్లంటే సీసా మూత తీసి పెట్టారు, దానికీ డబ్బే. ఇంగ్లండ్‌లో మద్యం అమ్మే లైసెన్సు ఉన్న హోటల్, అడిగితే కొళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. "ట్యాప్ వాటర్" అని విడిగా చెప్పండి. అన్నిటికీ పైన 12.5 శాతం సర్వీస్ ఛార్జ్. దాని పక్కన ఆప్షనల్ అనో, డిస్క్రెషనరీ అనో ఉంటే తీసేయమనే హక్కు మీకుంది. తమ్ముడు అడిగాడు. మొహం మాడ్చుకునే అయినా తీసేశారు.

ఇక కార్డు మిషన్. మన దేశపు కార్డు కదా, మిషన్ నా చేతికి వచ్చేసరికే పౌండ్లకు బదులు రూపాయల్లో కట్టేలా ఎంచి పెట్టి ఉంది, నేను పిన్ కొట్టడమే తరువాయి. మన ఊళ్లో కట్టినట్టే ఉందనిపిస్తుంది కానీ, ఆ మారకం రేటు సాధారణంగా మన బ్యాంకు రేటు కంటే చెడ్డగా ఉంటుంది. పైగా విదేశంలో రూపాయల్లో చెల్లిస్తే విడిగా ఛార్జీ వేసే బ్యాంకులు మన దగ్గర ఉన్నాయి. ఏ కరెన్సీలో కట్టాలో ఎంచుకోవాల్సింది కార్డు ఉన్నవాళ్లే. క్యాన్సిల్ చేయించి పౌండ్లలో కట్టాను. అప్పుడు మళ్లీ టిప్ ఎంత అని అడిగింది ఆ మిషన్.

డబ్బు సంగతి అలా ఉంచండి. నాకు నిజంగా వణుకు పుట్టించింది వేరే. తమ్ముడి కూతురికి పల్లీలు పడవు. మరదలు ఆ మాట చెప్తే వెయిటర్ వంటగది వైపు కూడా చూడకుండా "నో పీనట్స్ మేడమ్, నో ప్రాబ్లమ్" అనేశాడు. ఆవిడ వదల్లేదు, అలర్జీల చార్ట్ తెమ్మంది. చాలాసేపటికి లోపలి నుంచి వంటాయన వచ్చి, గ్రేవీ చిక్కదనానికి నట్ పౌడర్ వేస్తామన్నాడు. ఏ గింజల పొడి అంటే చెప్పలేకపోయాడు. పిల్ల తెల్లన్నం, పెరుగుతో సరిపెట్టుకుంది.

ఇది అతి జాగ్రత్త కాదు. 2014లో ఇంగ్లండ్‌లోనే నార్త్ యార్క్‌షైర్‌లో పల్లీలు పడని ఒకాయన, నట్స్ ఉండకూడదని ముందే చెప్పి చికెన్ టిక్కా మసాలా తెచ్చుకున్నాడు. తిని చనిపోయాడు. ఖర్చు తగ్గించుకోవడానికి బాదంపొడికి బదులు పల్లీపొడి కలిపిన చవక మిశ్రమం వాడారని కోర్టులో తేలింది. ఆ హోటల్ యజమానికి 2016లో ఆరేళ్ల జైలు శిక్ష పడింది.

పల్లీలు, బాదం, జీడిపప్పు లాంటి గింజలు, నువ్వులు, ఆవాలు, పాలు సహా 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగినవాళ్లకు సమాచారం ఇవ్వడం అక్కడి హోటళ్ల చట్టబద్ధమైన బాధ్యత. వెయిటర్ నోటిమాటతో ఊరుకోకండి. చార్ట్ చూపించమనండి, లేదంటే వండేవాళ్లనే పిలవమనండి. తడబడితే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి, ఆ వీధిలో హోటళ్లకు కరువు లేదు. పిల్లలకు డాక్టరు ఎపిపెన్ (అలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) రాసిచ్చి ఉంటే బస చేసిన గదిలో సూట్‌కేసులో వదలకుండా చేతిసంచిలోనే పెట్టుకోండి. అక్కడ అంబులెన్స్ నంబరు 999.