మగవాళ్లిద్దరి ప్రేమకథకు ఏ ఊరు: ప్రావిన్స్‌టౌనా, భీమిలా?

సముద్రతీరపు ఊరంటే బీచ్, సూర్యాస్తమయం రాసేస్తే సరిపోదు. ప్రేమకు అడ్డేమిటో ఆ ఊరే చెప్పాలి.

అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్‌లో దాచుకోవాల్సిన పనే లేదు. మసాచుసెట్స్‌లో 2004 మే నుంచే స్వలింగ వివాహాలు జరుగుతున్నాయి. అక్కడి కథానాయకుడు "నలుగురూ ఏమనుకుంటారో" అని కథంతా కుమిలిపోతే పాఠకులు నమ్మరు. పనికొచ్చేది సీజనే. వేసవిలో కిక్కిరిసే ఊరికి 2020 జనగణన లెక్క 3,664 మంది. సెప్టెంబరు దాటితే హోటల్ పని పోతుంది. విడిపోవడానికి ఆ కారణం చాలు.

తెలుగులో రాసేవాళ్లకు భీమిలే మేలు, కష్టమూ ఎక్కువే. పరస్పర అంగీకారం ఉంటే స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పినా, ఇంట్లో పెళ్లిచూపులు ఆగవు. మొదటి చిక్కు కలుసుకునే చోటు: లైట్‌హౌస్ దగ్గరా, డచ్చివాళ్ల సమాధుల దగ్గరా ఎవరో ఒక బాబాయి తగులుతాడు. విశాఖ బస్సులో పక్కపక్క సీట్లే ఏకాంతం.

ఒకడు చేపల వేటకెళ్లేవాడైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధాన్ని వదులుకోవద్దు. చేతినిండా తీరిక, జేబులో చిల్లర లేదు; ప్రేమ ముదరడానికీ, అప్పు దగ్గర మాట పెళుసవడానికీ అదే అదను. ఆ రోజుల్లో వాణ్ని మోటారు పడవ ఎక్కించి నడిసంద్రంలోకి పంపారో, తీరం ఎరిగినవాళ్లు పుస్తకం మూసేస్తారు.

ముగింపులో పెళ్లి రిజిస్ట్రేషన్ కుదరదు; 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ గుర్తింపు ఇవ్వలేదు. విశాఖ మద్దిలపాలెంలో ఇద్దరి పేరా అద్దె ఒప్పందం రాయించవచ్చు. యజమానికి ఏమని చెప్పారన్నదే చివరి సన్నివేశం.