ఎనభై పరీక్షల ప్యాకేజీలో నడుము కొలత లేదు

ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళ్లే ఒక డయాగ్నస్టిక్ కేంద్రంవారి ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీని మనిషికి 1,499 రూపాయలు చెల్లించి నేనూ మా ఆవిడా గత నెలలో చేయించుకున్నాము. కుర్రవాడు చెప్పిన వేళకే, ఉదయం 6:30కు వచ్చి, నొప్పి తెలియకుండా రక్తం తీశాడు. సాయంత్రానికల్లా రిపోర్టు వాట్సాప్‌లో అందింది. అంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కంతా రిపోర్టులోనే ఉంది. పద్నాలుగు పేజీల నిండా అంకెలున్నాయి గాని, మధుమేహానికీ గుండె జబ్బుకూ దారితీసే లోపాల గుంపైన మెటబాలిక్ సిండ్రోమ్ అన్న మాట మాత్రం ఎక్కడా కనబడదు. నడుము చుట్టుకొలత, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), పరగడుపు షుగర్ అనే ఐదింటిలో ఏ మూడు హద్దు దాటినా ఆ సమస్య ఉన్నట్టే లెక్క. వీటిలో మొదటి రెండూ ప్యాకేజీలోనే లేవు. నా షుగర్ 104 అని మూడో పేజీలో, ట్రైగ్లిజరైడ్లు 188 అని తొమ్మిదో పేజీలో ఉన్నాయి. రెండింటి పక్కనా ‘స్వల్పంగా ఎక్కువ’ అని రాశారే తప్ప, ఆ రెంటినీ కలిపి చూసినవారు లేరు. చివరికి నేనే మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోని టేపు తీసి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన చుట్టి చూసుకుంటే 96 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశపు మగవారికి హద్దు 90, ఆడవారికి 80. అంటే నాకు మూడు హద్దులు దాటినట్టే. ప్యాంటు సైజు 34 కదా అని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. ఆ ప్యాంటు నిలిచేది బొజ్జ కింద అన్న సంగతి తట్టనే లేదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు మా ఆవిడ రిపోర్టులో జరిగింది. ఆమె హెచ్‌డీఎల్ 46. స్త్రీలకు అది 50కి తగ్గకూడదు. వీరు అందరికీ 40నే హద్దుగా పెట్టి, పచ్చరంగులో ‘నార్మల్’ అని అచ్చువేశారు. ఫోన్ చేసి అడిగితే, ఆ హద్దులు యంత్రంలో ముందే పెట్టి ఉంటాయని బదులిచ్చారు.

ఉచితమన్న డైటీషియన్ సలహా నాలుగు నిమిషాల్లో ముగిసింది. మిఠాయిలు మానమన్నారు. మేము మిఠాయి ముట్టేది పండుగలకే. రెండు పూటలా పళ్లెం నిండా తినే తెల్లన్నం గురించి మాత్రం ఒక్క ప్రశ్నా రాలేదు, ట్రైగ్లిజరైడ్లు పెరగడంలో దానికీ పాత్ర ఉన్నప్పటికీ.

వయోజనుల్లో దాదాపు 40 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అనే మధుమేహ అధ్యయనం 2023లో తేల్చిన దేశంలో, ఇన్ని పరీక్షలు అమ్మేవారు ఒక టేపును, ఒక బీపీ మిషనును వెంట పంపలేకపోవడం నాకు మింగుడుపడలేదు. రక్తం తీసిన పనితనానికి నాలుగు నక్షత్రాలు, రిపోర్టుకు రెండు. వచ్చే ఏడాది మా వీధి ల్యాబులో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష), ఫాస్టింగ్ షుగర్ మాత్రం చేయించుకుని, బీపీ మా డాక్టరు గారి దగ్గర చూపించుకుంటాము.