మలక్కా జోంకర్ వీధి: పాతసామాను పగలు, సంత రాత్రి

మలేషియాలోని మలక్కా ఊళ్లో జోంకర్ వీధి పగలు పాతసామాను షాపులకు, రాత్రి సంతకు పేరు. అక్కడికి అనంతపురం నుంచి బయల్దేరేవాళ్లకు దేవనహళ్లి విమానాశ్రయం దారిలోనే పడుతుంది, బెంగళూరు ఊళ్లోకి దూరే పనిలేదు. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డును మాత్రం దిగబోయే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. కౌలాలంపూర్ విమానాశ్రయం నుంచే మలక్కా బస్టాండు అయిన మలక్కా సెంట్రల్‌కు నేరుగా బస్సులున్నాయి. అక్కడ ఊళ్లోకి వెళ్లే బస్సెక్కితే డచ్ స్క్వేర్ దగ్గర దిగొచ్చు. వంతెన దాటితే జోంకర్ వీధే.

చాలామంది కౌలాలంపూర్ నుంచి పొద్దున వచ్చి చీకటిపడేలోపు వెళ్లిపోయేలా వేసుకుంటారు. అలా చేస్తే సంత దక్కదు. అది శుక్ర, శని, ఆదివారాల్లోనే, అదీ సాయంత్రం ఆరు దాటాకే. ఒక రాత్రి ఉండాల్సిందే. గది జోంకర్ మీద వద్దు, పొద్దుపోయేదాకా పాటల మోత. పక్కనే సమాంతరంగా ఉన్న హీరెన్ వీధి నయం. పాత ఇళ్లు కాబట్టి మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లుంటే కింది గది అడగండి. విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను ఉంది, చాలాచోట్ల హోటల్లో విడిగా కట్టించుకుంటారు.

పాతసామాను పగటి వెలుతురులోనే చూడాలి. ఆ షాపులు చాలావరకు సాయంత్రానికే మూసేస్తారు. రాత్రి బల్లల మీద ఉండేవి ఎక్కువగా కొత్త బొమ్మలూ తిండీ. డచ్చి ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం, అంటే దాని పొట్టిపేరు వీఓసీ గుర్తున్న డుయిట్, చూపిస్తే ముందు అంచు తిప్పి చూడండి. అసలుది ముద్ర కొట్టి చేసింది. నకిలీ పోత పోసింది కాబట్టి అంచు చుట్టూ సన్నని అతుకుగీత, మీద సూదిమొనంత బెజ్జాలు కనిపిస్తాయి. ఇత్తడికి అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే. న్యోన్యా పింగాణీ, అంటే ఇక్కడి చైనా సంతతివాళ్ల రంగుల పింగాణీ, పువ్వుల్లో భూతద్దం కింద రంగు చుక్కలు వరుసగా కనిపిస్తే అది అచ్చు బొమ్మ, చేత్తో వేసింది కాదు. నిజంగా పాతదే కొంటే వయసు రాసిన బిల్లు తీసుకోండి. 2005 నాటి వారసత్వ చట్టం కింద దేశం దాటించడానికి అనుమతి కావాల్సి రావచ్చు.

ఎండెక్కువైతే జోంకర్ వెనక వీధికి నడవండి. 1781 నాటి పొయ్యాత వినాయకర్ గుడి, 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు, చెంగ్ హూన్ తెంగ్ చైనా గుడి ఒకే వరుసలో ఉన్నాయి. ఇంత దగ్గరదగ్గరగా చూడటం నిజంగా భాగ్యమే.

సంతలో చెండోల్ తప్పకుండా తినండి: కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి గుల మెలాకా పాకం, ఆకుపచ్చని బియ్యప్పిండి సేమ్యా, మంచు. శాకాహారులు ఆకుకూర వేపుడుకు కూడా ముందే అడగాలి, అందులో బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేస్తారు.