ఎనిమిది డైవ్‌ల వాళ్ళం, అక్టోబరులో ఎక్కడ దిగాలి?

మా లాగ్‌బుక్కుల్లో ఉన్నవి ఎనిమిదే స్కూబా డైవ్‌లు. ఆరు అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో, 2023 ఫిబ్రవరిలో ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేసినప్పటివి. రెండు అదే ఏడాది నవంబరులో కర్ణాటక తీరంలోని నేత్రాని దీవి దగ్గర. ఆ తర్వాత పదకొండు నెలలు సముద్రం మొహం చూడలేదు. మాస్కులోకి చుక్క నీరొస్తే మా ఆయన కళ్ళు కోడిగుడ్లంత అవుతాయి. నాకు మూడు మీటర్లు దిగేసరికి ఎడమ చెవి పట్టేస్తుంది. ఇలాంటి ఇద్దరం 2024 దసరా సెలవులకి ఎక్కడికెళ్ళి డైవ్ చెయ్యాలా అని నెల్లాళ్ళు తర్జనభర్జన పడ్డాం.

ఎవర్ని అడిగినా మొదట వచ్చే పేరు అండమాన్. నేర్చుకునేవాళ్ళకి హేవ్‌లాక్ అంత మంచి చోటు మన దేశంలో నేను చూడలేదు. దీవి పేరు 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారింది గానీ డైవింగ్ వాళ్ళంతా ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు. అక్కడి నెమో రీఫ్‌లోకి ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగిపోవచ్చు. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఫిన్స్ తొడుక్కుని, మెల్లగా ముందుకెళ్తే అదే లోతవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎవరడిగినా కళ్ళు మూసుకుని అక్కడికే వెళ్ళమంటాను.

కానీ ఇది అక్టోబరు. నేను విశాఖ మనిషిని. అక్టోబరు 12 అంటే మాకు హుద్‌హుద్. 2014లో అది పుట్టింది అండమాన్ సముద్రంలోనే. ఆ దీవుల మీదుగా వచ్చి నాలుగు రోజుల్లో మా ఇంటి రేకులు లేపుకుపోయింది. అంతకు ముందేడు ఫైలిన్ కూడా అక్టోబరు 12నే తీరం దాటింది. 2024లో దసరా సరిగ్గా ఆ తేదీనే పడింది! అక్టోబరు, నవంబరుల్లో అటువైపు ఏదో ఒక అల్పపీడనం లేస్తూనే ఉంటుంది. లేస్తే ముందు ఆగేది పడవలు. 2016 డిసెంబరులో తుపాను వాతావరణానికి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో 1400 మంది దాకా పర్యాటకులు ఇరుక్కుపోతే నేవీ ఓడలు వెళ్ళాల్సి వచ్చింది. ఉద్యోగాలకి ఆరు రోజులు సెలవు పెట్టి వెళ్ళేవాళ్ళం ఆ జూదం ఆడలేం.

నేత్రాని సంగతి వేరు. మురుడేశ్వర్ నుంచి పడవలో గంట పైనే. 123 అడుగుల శివుడి విగ్రహం అగ్గిపెట్టె అంతయ్యేదాకా పోతూనే ఉంటాం. నీళ్ళు చక్కగా ఉన్నాయి, అబద్ధమెందుకు. పడవ మీంచి చూస్తేనే కింద రాళ్ళు కనబడ్డాయి. కానీ అక్కడ ఒడ్డు నుంచి దిగడమన్నది లేదు. ఊగుతున్న పడవ అంచున కూర్చుని, ట్యాంకు బరువుతో వెనక్కి పల్టీ కొట్టాలి. పైకొచ్చాక ఎగిరెగిరి పడుతున్న నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. నేను అవోమిన్ మాత్ర పడవ కదిలాక వేసుకున్నాను. అది ఎక్కకముందే వేసుకోవాలట. నాలుగు డైవ్‌లకి డబ్బు కట్టి, రెండయ్యాక పడవ అడుగున చాప చుట్టలా పడుకున్నాను. నీళ్ళ కింద ఉన్నంతసేపూ మాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూనే. అందుకే ఈసారి ఏ ఊరు చూసినా ‘అక్కడ ఏ చేపలుంటాయి’ అన్నది పక్కన పెట్టి, ఎలా దిగుతాం, ఎలా బయటికొస్తాం అని చూశాం.

అలా చూస్తే చాలా పేర్లు వాటంతటవే రాలిపోయాయి. శ్రీలంకలో తూర్పు తీరం సీజను సెప్టెంబరుతో ముగుస్తుంది, పడమటి తీరం నవంబరులో గానీ మొదలవదు. అక్టోబరు సరిగ్గా ఆ రెంటి మధ్య. థాయ్‌లాండ్‌లో సిమిలన్ దీవులు అక్టోబరు 15న తెరుస్తారు గానీ అక్కడంతా పడవ పనే. అదే దేశంలో కో టావ్ దీవిని కొత్తవాళ్ళ స్వర్గం అంటారు. అక్కడ వానలు అప్పుడప్పుడే ముదిరే సమయం. మాల్దీవుల్లో అటోల్‌ల, అంటే వలయాకారపు పగడపు దిబ్బల, మధ్య కాలవల దగ్గర ప్రవాహం మీదే అసలు మజా అంతా. మాలాంటి వాళ్ళు అక్కడ జెండా గుడ్డలా కొట్టుకుపోతారు, పైగా ఖర్చు. మా రుషికొండ దగ్గరా దింపుతారు, వానల తర్వాత నీళ్ళు మసగ్గా ఉంటాయి. ఈజిప్టులో ఎర్రసముద్రం అక్టోబరులో బంగారమే, ఒడ్డు డైవింగే. అంత దూరం ఆరు రోజుల్లో అయ్యేది కాదు.

మిగిలింది బాలి. బాలి అనగానే కుటా బీచీ, ఊయల ఫోటోలే అనుకునేదాన్ని. ఈశాన్య తీరంలో అగుంగ్ అగ్నిపర్వతం కింద ఆమెద్, తులంబెన్ అని రెండు ఊళ్ళున్నాయి. అక్కడ చాలా డైవ్‌లు ఒడ్డు నుంచే. ఎండాకాలం అక్టోబరు దాకా ఉంటుంది. నీళ్ళు మేం వెళ్ళినప్పుడు 28 డిగ్రీలు.

బెంగళూరు నుంచి బాలిలోని డెన్‌పసార్‌కి నేరుగా విమానం దొరికింది. దిగగానే వీసాకి 5 లక్షల రూపియాలు, పర్యాటక రుసుము లక్షన్నర. ఆ ఊళ్ళో టీ తాగినా వేలల్లో బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది, తర్వాత అలవాటవుతుంది. అక్కణ్ణుంచి కారులో మూడు గంటలు. బాలి హిందువుల గలుంగన్ పండగ రెండున్నర వారాల కిందటే అయింది. దారి పొడవునా ఇళ్ళ ముందు పెంజోర్‌లు, అంటే కొబ్బరాకులతో అలంకరించి కొస వంచిన పొడుగాటి వెదురు గడలు, ఇంకా నిలబెట్టే ఉన్నాయి. దసరా తెల్లారి ఇల్లు వదిలిపెట్టొచ్చిన నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

మొదటి రెండు రాత్రులు ఆమెద్‌లో. ఊరు చూడ్డానికి ఎంతో బావుంది. సాయంత్రం జెమెలుక్ కొండ మలుపు మీద కూర్చుంటే అగుంగ్ వెనక సూర్యుడు దిగుతాడు. తిండికి పది చోట్లు. గది రోజుకి నాలుగున్నర లక్షలు, మన డబ్బుల్లో 2,400 దాకా. గదికీ భోజనానికీ వంక పెట్టను. దెబ్బ తగిలింది డైవింగ్ దుకాణం దగ్గర. ముందే మెసేజీల్లో మా ఇద్దరికీ ఒక గైడు అన్నారు. పొద్దున వెళ్తే ఒక గైడు, ఆరుగురం. పదకొండు నెలల విరామం ఉంది, రిఫ్రెషర్ కావాలంటే ఈతకొలనులో ఇరవై నిమిషాలు ముంచి ‘ఓకే’ అన్నారు. సముద్రంలో నాలుగు మీటర్ల దగ్గర నా చెవి పట్టేసింది. కాస్త పైకొచ్చి, ముక్కు మూసి ఊది, మళ్ళీ ప్రయత్నించాలి కదా. గైడు కింద నుంచి రా రమ్మని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మిగతా నలుగురూ ఆగరు. నేను బొటనవేలు పైకి చూపించి పైకి వచ్చేశాను. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. దుకాణం పేరు రాయను, అలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. గైడుకి ఎంతమంది అన్నది మాటల్లో కాదు, రసీదు మీద రాయించుకోండి.

ఆ రాత్రి ఇద్దరం ముభావంగా భోంచేశాం. వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి తీసి, నాసి చంపూర్‌లో, అంటే అన్నం, కూరల పళ్ళెంలో, వచ్చిన టెంపే అనే సోయా ముక్కలకి నంచుకున్నాను. హోటలావిడ సీసా చూసి ‘సంబల్?’ అంది, వాళ్ళ మిరప పచ్చడి పేరు అది. ఒక చెంచా పెట్టాను. కళ్ళు మూసి, నోరు చప్పరించి, మా పళ్ళెంలోంచి ఇంకో చెంచా తనే తీసుకుంది.

మర్నాడు తులంబెన్ మారాం. దీన్ని ఊరనడం కూడా కష్టమే. పెద్ద రోడ్డు, లారీలు, రోడ్డుకి అటూ ఇటూ డైవింగ్ దుకాణాలు. రాత్రి ఎనిమిదికి కుక్కలు తప్ప మనుషులు కనబడరు. గది మూడున్నర లక్షలు, ఫ్యాను చప్పుడు చేస్తుంది, వేడినీళ్ళు వాళ్ళిష్టం. డైవింగ్ చెయ్యని వాళ్ళని వెంటబెట్టుకుని మాత్రం ఇక్కడికి రాకండి, రెండో పూటకే మీతో మాట్లాడ్డం మానేస్తారు. కానీ గది గుమ్మం నుంచి సముద్రానికి యాభై అడుగులు. దుకాణం చిన్నది, గైడు యాభై ఏళ్ళ మనిషి. కూర్చోబెట్టి మూడే అడిగాడు. ఆఖరి డైవ్ ఎప్పుడు? మొత్తం ఎన్ని? దేనికి భయం?

‘‘భయమేం లేదు,’’ అన్నారు మా ఆయన.

‘‘ఆయనకి మాస్కు, నాకు చెవి,’’ అన్నాను నేను.

మొదటి డైవ్ కోరల్ గార్డెన్‌లో. ఒడ్డంతా నల్లటి గుండ్రటి రాళ్ళు, చెప్పుల్లేకుండా నిలబడలేం. మా ట్యాంకుల్ని ఊరి ఆడవాళ్ళు మోస్తారు. నా కన్నా పొట్టిగా ఉన్న ఒకావిడ నెత్తిన గుడ్డ చుట్టకుదురులా పెట్టుకుని, దాని మీద రెండు ట్యాంకులు అడ్డంగా పెట్టుకుని, ఆ రాళ్ళ మీద చేతులు వదిలేసి నడిచిపోయింది. ఒక్కో ట్యాంకు పదిహేను కిలోలకి తక్కువుండదు. వెనకాల నేను ఖాళీ మాస్కు పట్టుకుని తూలుతూ వెళ్ళాను. సిగ్గేసింది.

నాలుగు మీటర్ల దగ్గర నల్ల ఇసక మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. మా ఆయన జాకెట్ పట్టీ పట్టుకుని, మాస్కులోకి కొద్దిగా నీళ్ళు వదలమన్నాడు. మొదటిసారి ఆయన పైకి లేవబోయారు. గైడు వదల్లేదు, తొందర పెట్టనూ లేదు. చెయ్యి గుండె మీద పెట్టి, ఊపిరి ఎలా తియ్యాలో చూపించాడు. రెండోసారి సగం నీళ్ళు పోయాయి. మూడోసారి ముక్కుతో బలంగా ఊదితే మాస్కంతా ఖాళీ. నా చెవి కోసం దారి పొడవునా మీటరుకొకసారి ఆగాడు. ఆ డైవ్‌లో మేం ఏ చేపలు చూశామో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం లిబర్టీ. అమెరికా సరుకు ఓడ. 1942 జనవరి 11న జపాన్ జలాంతర్గామి టార్పెడో కొడితే, లాక్కుంటూ తీసుకెళ్తుండగా నీళ్ళు నిండి తులంబెన్ ఒడ్డున పడేశారు. ఇరవయ్యేళ్ళు ఒడ్డునే ఉంది. 1963లో అగుంగ్ బద్దలైనప్పుడు ఆ కుదుపులకి జారి నీళ్ళలోకి పోయింది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఒరిగి పడుంది. పై భాగం అయిదు మీటర్ల లోతులోనే, అడుగు భాగం ముప్ఫై దాకా. ఓపెన్ వాటర్ వాళ్ళకి 18 మీటర్లే హద్దు. ఆ హద్దులో ఉండే చాలా ఓడ చూడొచ్చు. చివర్లో పైకొచ్చే ముందు మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌కి నడి సముద్రంలో వేలాడక్కర్లేదు, అయిదు మీటర్ల దగ్గర ఇసక వాలు పక్కనే ఉండి, తోక ఇసకలో దాచి తల పైకెత్తి ఊగే గార్డెన్ ఈల్స్ అనే పాముల్లాంటి చేపల్ని చూస్తూ గడిపెయ్యొచ్చు. గాలి అయిపోవస్తే కాస్త ఈది ఒడ్డెక్కడమే. మా ఆయన ట్యాంకులో గాలి 35 నిమిషాలకే 50 బార్‌కి, అంటే ఇంక పైకి రావాల్సిన హద్దుకి, వచ్చేస్తుంది, మా అందరి డైవూ ఆయన ఊపిరి మీదే ఆధారం. అన్నట్టు నీళ్ళలో ‘ఏవండీ’ అని పిలవడానికి లేదు. ఇనుప కడ్డీతో ట్యాంకు మీద టకటకా కొట్టాలి. ఇంట్లో కూడా ఈ పద్ధతి పెడితే బావుంటుంది.

లిబర్టీకి వెళ్ళాల్సింది పొద్దున ఆరున్నరకి. పదింటికి సనూర్ వైపు నుంచి వ్యాన్లు దిగాయంటే ఓడ మీద చేపల కన్నా బుడగలు ఎక్కువ. ఆఖరి రోజు తెల్లవారుజామున వెళ్తే నుదుటి మీద బొడిపె ఉన్న పెద్ద చిలకచేపల మంద ఓడలోంచి అప్పుడే నిద్ర లేచినట్టు బయటికొచ్చింది. ఒక్కొక్కటి పొట్టేలంత. పగడాన్ని కొరుకుతుంటే నాకు కటకటమని వినబడింది.

బాలి పక్కనే ఉన్న నుసా పెనీడా దీవి ఊసు కూడా చెప్పాలి. సన్‌ఫిష్ కోసం, మాంటా రేల కోసం అక్టోబరులో అందరూ అటే పరిగెడతారు. ఒక ఏజెంటు ‘‘గైడుంటాడు, ఏం ఫర్వాలేదు’’ అని మాకూ అంటగట్టబోయాడు. మా తులంబెన్ గైడు వినగానే తల అడ్డంగా ఊపాడు. అక్కడ ప్రవాహం ఎక్కువ, కింద ఉన్నట్టుండి చన్నీళ్ళు, పైగా అక్టోబరు 17 పున్నమి, ఆటుపోట్లు ఇంకా పెద్దవి. వాళ్ళూ దాన్ని పూర్ణమ అనే అంటారు. ఆ పొద్దున ఊరంతా లేసు జాకెట్లతో గుళ్ళకి వెళ్ళింది. మాకు ట్యాంకులు మోసేవాళ్ళు దొరకలేదు, డైవ్ మధ్యాహ్నానికి జరిగింది. గొణిగాను. తర్వాత వాళ్ళు ప్రసాదంగా అరటిపళ్ళు తెచ్చిపెడితే నోరు మూసుకుని తిన్నాను.

రెండు డైవ్‌లకి మనిషికి 11 లక్షల రూపియాలు అయ్యాయి, మన లెక్కలో 6 వేల దాకా. హేవ్‌లాక్‌లో పడవ డైవ్‌లకీ అప్పట్లో ఇంచుమించు అంతే అయ్యేది. మామూలు ట్రావెల్ పాలసీలో డైవింగ్ ఉందో లేదో చూసుకోండి. మాదాంట్లో లేదు, విడిగా తీసుకున్నాం. తొందరగా పైకొచ్చి ఒంట్లో బుడగలు కట్టినవాళ్ళకి వైద్యం చేసే డీకంప్రెషన్ ఛాంబరు డెన్‌పసార్ పెద్దాసుపత్రిలో ఉంది, మూడు గంటల దూరం. వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కాలంటే కనీసం 18 గంటలు ఆగాలి. మేం 18న ఆఖరి డైవ్ చేసి, 19 అంతా సిడెమెన్ వరిచేల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చుని, 20న ఎక్కాం.

ఇల్లు చేరిన రెండు మూడు రోజులకే అండమాన్ సముద్రం వైపు లేచిన అల్పపీడనం దానా తుపానయింది. 24 రాత్రి ఒడిశాలో తీరం దాటింది. అమ్మ టీవీ పెట్టుకుని ఫోన్ చేసింది. ‘‘ఇంక ఆ సముద్రం జోలికి పోకే,’’ అంది. సరేనమ్మా అన్నాను. వెనకాల మా ఆయన ఫిబ్రవరికి హేవ్‌లాక్ టికెట్లు చూస్తున్నారు.