వాసన తెప్పిస్తామంటూ అమ్మే ముక్కు చుక్కలతో జాగ్రత్త

వైరల్ జ్వరం తగ్గాక వాసన తెలియకుండా పోయి, ఇంట్లోనే నయం చేసుకునే కిట్టు కోసం వెతుకుతున్నవారు కొనేముందు ఇది చదవండి.

జ్వరం తగ్గిన నాలుగో రోజు పోపులో ఇంగువ వేస్తే నాకేమీ తెలియలేదు. రెండు నెలలు ఓపిక పట్టి, చివరికి 1,850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక పెట్టె తెప్పించాను. 21 రోజుల్లో వాసన రాకపోతే డబ్బు వాపసు అన్నారు. లోపల గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి అని రాసిన నాలుగు సీసాలు, వాటి పక్కన ముక్కులో వేసుకునే చుక్కల మందు. దాని మీద 'మూలికలు, ఖనిజాలు' అని తప్ప ఏ ఖనిజమో, ఎంతో లేదు. అక్కడే ఆగవలసింది.

మొదటి చుక్కకే నుదుటి దాకా మండింది. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, మంట పుడితే పనిచేస్తున్నట్టే అన్నారు. నమ్మి మూడు రోజులు వేసుకున్నాను. నాలుగో రోజు ముక్కులోంచి నెత్తురు వచ్చింది.

ఈఎన్‌టీ డాక్టరు గారు సీసా చూసి కోప్పడ్డారు. ఖనిజం అంటే జింక్ కావచ్చు, అది ముక్కులో వేస్తే వాసన పట్టే పొరే దెబ్బతినవచ్చు అన్నారు. జలుబుకని అమెరికాలో అమ్మిన జికామ్ అనే జింక్ జెల్ ముక్కులో వాడి వాసన పోయిందని 130కి పైగా ఫిర్యాదులు రావడంతో, 2009లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే దాన్ని వాడవద్దని హెచ్చరించింది.

నన్ను మోసపుచ్చింది ఆ నాలుగు సీసాలే, ఎందుకంటే రోజూ వాసనలు చూసి ముక్కుకు సాధన చేయించే ఆ పద్ధతి నిజమైనది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ అనే పరిశోధకుడి బృందం వాసన తెలియనివారికి ఆ నాలుగు వాసనలనే రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు చూపించి, కొందరిలో మెరుగుదల కనిపించిందని 2009లో ప్రచురించింది. దానికి 1,850 రూపాయలు అక్కరలేదు. వంటింట్లో లవంగాలు, నిమ్మ తొక్క ఉంటాయి. గులాబీ అత్తరు, నీలగిరి తైలం బజారులో దొరుకుతాయి. ఒక్కొక్కటి కొన్ని క్షణాలు వాసన చూడాలి, అంతే. ఏదీ ముక్కులో వేయకూడదు. అందరికీ ఫలితం వస్తుందనీ లేదు, వచ్చినా నెలలు పడుతుంది. ఈలోగా గ్యాస్ లీకైనా మీకు తెలియదు కాబట్టి రాత్రి పడుకునేముందు సిలిండరు కట్టేయండి.

డబ్బు అడిగితే, సీలు తీశారు కనుక వాపసు కుదరదన్నారు అమ్మినవాళ్లు. వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నిన్న చూస్తే అదే సరుకు వేరే పేరుతో, వేరే రంగు అట్టపెట్టెలో అమ్మకానికి ఉంది. నాలుగు సీసాలు, పక్కన ముక్కు చుక్కలు. పేరు ఏదైనా, ఆ చుక్కల సీసాను బట్టి గుర్తుపట్టండి.