నోబెల్ ఉపన్యాసాలు: మందుల షాపు కౌంటర్ వెనక తొమ్మిదేళ్లు

ప్రొద్దుటూరులో నాకు మందుల షాపు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా బజారులో మనిషి కనపడడు. 2016 నుంచి ఆ టైములో నేను చేస్తున్న పని ఒకటే. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, నోబెల్ బహుమతి వచ్చిన శాస్త్రవేత్తలు తమ పని గురించి తామే ఇచ్చిన ఉపన్యాసాలు వింటాను. వీడియో లేని పాతవాళ్లవి జిరాక్స్ తీయించుకుని చదువుతాను. ఇప్పటికి నూటికి పైగా పూర్తయ్యాయి. తొమ్మిదేళ్లు వాడిన మనిషిగా, ఇవి ఎవరికి పనికొస్తాయో, ఎక్కడ విసుగు పుట్టిస్తాయో చెబుదామని ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బహుమతి ఇచ్చేది డిసెంబర్ 10న. తీసుకున్నవాళ్లు ఆరు నెలల లోపల తమ పని మీద ఒక ఉపన్యాసం ఇవ్వాలన్నది దాంతో పాటే ఉన్న నియమం. ఎక్కువమంది ఆ వారంలోనే స్టాక్‌హోంలో ఇచ్చేస్తారు. అరగంట, ముప్పావుగంట ఉంటుంది. చూడటానికైనా చదవటానికైనా పైసా ఖర్చు లేదు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి బహుమతి అందుకున్న రాంట్‌జెన్ మాత్రం ఉపన్యాసం ఇవ్వలేదు. ఎక్స్‌రే తీయించుకోమని రోజూ ఎవరో ఒకరికి చెబుతుంటాను కదా, ఆ ఎక్స్‌రే కథ కనిపెట్టినాయన నోటి నుంచి ఈ వరుసలో లేకపోవడం నాకు పెద్ద వెలితి.

నేను మొదట విన్నది చైనా శాస్త్రవేత్త టు యుయు ఉపన్యాసం. మలేరియాకు ఆర్టిమెథర్, ల్యూమిఫ్యాంట్రిన్ కలిపిన మాత్రలు అప్పటికి ఏళ్ల తరబడి అమ్ముతున్నాను. ఆ మందుకు తల్లి వేరు ఎక్కడుందో తెలియదు. ఆమెకు 2015లో బహుమతి వచ్చిందని పేపర్లో చూశాను, కొన్ని నెలల తర్వాత ఉపన్యాసం వెతికి పట్టుకున్నాను. చైనాలో 1967లో మలేరియా మందు కోసం మొదలైన 523 ప్రాజెక్టులోకి ఆమె 1969లో వచ్చారు. పాత గ్రంథాల నుంచి, ముసలి వైద్యుల దగ్గర నుంచి రెండు వేలకు పైగా చిట్కాలు పోగుచేశారు. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి పనిచేస్తుంది, ఇంకోసారి పనిచేయదు. ఎందుకో అర్థం కాదు. అప్పుడు నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన ఒక వాక్యం దగ్గర ఆమె ఆగిపోయారు. గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది అందులో. కాచమని లేదు.

అక్కడ నేను వీడియో ఆపేశాను. కషాయం అంటే మన ఇళ్లలో కాచడమే కదా. మూడు గ్లాసులు పోసి ఒక గ్లాసుకు దించమంటాం. వేడికి మందు గుణం పోతోందేమో అన్న అనుమానం ఆమెకు వచ్చింది ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబర్‌లో 191వ నంబరు నమూనా ఎలుకల మలేరియా మీద నూటికి నూరు పాళ్లు పనిచేసింది. నేను అమ్మే ఆర్టిమెథర్‌కు మూలం ఈ సారమే. రోగులకు ఇచ్చే ముందు ఆమె, తోటివాళ్లు తామే మింగి చూశారు. ఇదే సంగతి పేపర్లో చదివితే 'పాత గ్రంథం నుంచి కొత్త మందు' అని ఒక్క లైనులో అయిపోతుంది. ఆ లైనుకు ముందు ఆమె ఎన్నిసార్లు విఫలమయ్యారో, ఏ మాట దగ్గర కళ్లు నిలిచాయో ఆమె చెబితేనే తెలుస్తుంది. నేను ఈ ఉపన్యాసాలకు అంటుకుపోవడానికి కారణం ఇదే.

రెండోది నన్ను ఎక్కువ కదిలించింది. మా నాయనకు ఇరవై ఏళ్లు కడుపులో మంట. అల్సర్ అన్నారు. కారం మానమన్నారు, దిగులు పెట్టుకోవద్దన్నారు. సంగటిలోకి ఎర్రకారం లేకుండా ముద్ద దిగని మనిషి చివరి పదేళ్లు మజ్జిగన్నం తిని బతికాడు. 2003లో గుండెపోటుతో పోయాడు. 2017లో నేను రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఇద్దరి ఉపన్యాసాలూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. వాళ్లకు బహుమతి వచ్చింది 2005లో. వారెన్ ఆస్ట్రేలియాలోని పెర్త్ ఆసుపత్రిలో పాథాలజిస్టు. కడుపు లోపలి పొర ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను 1979లో చూశాడు. కడుపులో అంత ఆమ్లం ఉంటే సూక్ష్మజీవి ఎట్లా బతుకుతుందని ఎవరూ నమ్మలేదు. తర్వాత మార్షల్ వచ్చి చేరాడు. దాన్ని ల్యాబ్‌లో పెంచుదామంటే పెరగదు. మామూలు సూక్ష్మజీవుల లెక్కన రెండు రోజులు చూసి ప్లేట్లు పారేస్తున్నారు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు అట్లే ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే పెరిగింది. దానికి కావాల్సింది ఇంకొన్ని రోజులు, అంతే. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవం తానే తాగాడు. కొద్ది రోజులకే వాంతులు పట్టుకున్నాయి, ఎండోస్కోపీ చేస్తే కడుపు పొర వాచి కనిపించింది. అల్సర్లలో ఎక్కువ భాగానికి మూలం కారమో దిగులో కాదు, ఇప్పుడు హెచ్ పైలోరీ అంటున్న ఈ బ్యాక్టీరియానే అని వాళ్ల పనితో తేలింది.

మా నాయనకు ఆ బ్యాక్టీరియా ఉందో లేదో నేను చెప్పలేను. ఆ పరీక్ష ఎవరూ చేయలేదు, చేయమని అడగాలని మాకూ తెలియలేదు. కానీ ఆయన మజ్జిగన్నం తింటున్న ఆ ఏళ్లన్నీ పెర్త్‌లో ఈ సంగతి తెలిసే ఉంది. ఆ రోజు షాపు తెరిచి ఉంచి కూడా చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. అప్పటి నుంచి ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు కొనే మనిషి వస్తే, 'హెచ్ పైలోరీ పరీక్ష చేయించుకున్నావా అన్నా' అని తప్పకుండా అడుగుతాను.

ఇక ఫ్లెమింగ్. పెన్సిలిన్ కనిపెట్టినాయన 1945 డిసెంబర్ 11న ఇచ్చిన ఉపన్యాసం. చాలామంది అందులో బూజు పట్టిన ప్లేటు కథ కోసం వెతుకుతారు. నా మటుకు అసలు విలువ చివరి భాగంలో ఉంది. అక్కడ ఆయన ఊహించి ఒక కథ చెబుతాడు. ఎక్స్ అనే ఆయనకు గొంతునొప్పి వస్తుంది. తానే పెన్సిలిన్ కొనుక్కుని, చాలీచాలకుండా వేసుకుంటాడు. సూక్ష్మజీవులు చావవు, మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. ఆయన నుంచి భార్యకు అంటుకుంటుంది. ఆమెకు న్యుమోనియా. పెన్సిలిన్ ఇస్తారు, పనిచేయదు. ఆమె చనిపోతుంది. ఆ చావుకు ఎవరు బాధ్యులని ఫ్లెమింగ్ అడిగి, మందును నిర్లక్ష్యంగా వాడిన భర్తేనని తానే జవాబు చెబుతాడు.

మందు కనిపెట్టినందుకు దండ వేయించుకునే వేదిక మీద నిలబడి, ఆ మందు ఎట్లా పాడవుతుందో చెప్పాడా మనిషి. దీన్ని నేను పదిసార్లయినా చదివి ఉంటాను. ఎందుకంటే ఆ ఎక్స్ నా కౌంటర్ ముందు రోజూ నిలబడతాడు. 'అన్నా, గొంతు రొంత పట్టుకుంది, అమాక్సిసిలిన్ నాలుగు ఇయ్యి, స్ట్రిప్పు వద్దులే' అంటాడు. ఒకప్పుడు కత్తిరించి ఇచ్చేవాణ్ని. ఇవ్వకపోతే పక్క షాపుకు పోతాడని భయం. ఇప్పుడు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వను. చీటీ ఉంటే కోర్సు మొత్తం ఇస్తాను. గిరాకీ కొంత పోయింది, నిజం. పోయినా నాకు బాధ లేదు. డాక్టర్ చెప్పినన్ని రోజులు ఎందుకు వేసుకోవాలో ఇంతకంటే సూటిగా చెప్పే కథ ఇంకొకటి నాకు దొరకలేదు.

వైద్యం ఒక్కటే విన్నానని కాదు. అర్థశాస్త్రం నాకు పట్టదనుకునేవాణ్ని. 2009లో ఎలినార్ ఆస్ట్రమ్ ఇచ్చిన ఉపన్యాసం ఆ అపోహ తీసేసింది. పదిమందికీ చెందిన నీటిని, అడవిని జనం తామే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరా అన్నది ఆమె జీవితాంతం అడిగిన ప్రశ్న. నేపాల్‌లో రైతులు తామే కట్టుకుని నడుపుకునే కాలువలు, చూడటానికి మట్టిగా మోటుగా ఉన్నా, ప్రభుత్వం సిమెంటుతో కట్టి నడిపేవాటికంటే చివరి పొలాలకు మెరుగ్గా నీళ్లందించాయని ఆమె లెక్కలతో చూపించారు. వింటున్నంతసేపూ నాకు మా అమ్మ వాళ్ల ఊరి పక్కనున్న పోరుమామిళ్ల చెరువే కళ్లముందు ఉంది. 1369 నాటి శాసనం ఉందక్కడ. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాయి మీద చెక్కించారు. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం కూడా ఆ దోషాల్లో ఒకటి. నా చిన్నప్పుడు మా తాత ఊళ్లో పొలాలకు నీళ్లు వదిలే నీరుగంటి, తూము దగ్గర నిలబడి ఎవరి వంతు ఎప్పుడో చెప్పేవాడు, పెద్దరైతు కూడా ఆయన మాట దాటేవాడు కాదు. దాన్ని ఒక శాస్త్రంగా ఎవరో నలభై ఏళ్లు చదివి ఉంటారని నేను ఊహించలేదు.

ఇబ్బందులూ చెప్పాలి. చాలా ఉపన్యాసాల్లో మొదటి పదిహేను నిమిషాలు నది మీద పడవలాగా సాగుతాయి, ఆ తర్వాత ఒక్కసారిగా గ్రాఫులు, సమీకరణాలు మొదలవుతాయి. భౌతికశాస్త్రంలో, ముఖ్యంగా కణాల మీద పనిచేసినవాళ్లవి, నాకు సగం పైన అందలేదు. మూడేసి సార్లు విన్నా అంతే. చివర్లో పది నిమిషాలు తోటివాళ్ల పేర్లు, ఫొటోలు వస్తాయి. మొదట్లో దాటేసేవాణ్ని. ఇప్పుడు దాటేయను. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు. పని చేసిన మిగతా ముప్పై మంది కనిపించేది ఆ పది నిమిషాల్లోనే.

అసలు లోటు ఇక్కడే ఉంది. ఆ వేదిక దక్కనివాళ్ల గొంతు ఈ వరుసలో ఎక్కడా వినపడదు. నేను గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ అమ్ముతాను. కీళ్లవాతం ఉన్నవాళ్లకు మెథోట్రెక్సేట్ ఇస్తూ, వారానికి ఒక్కరోజే వేసుకోవాలని కవరు మీద ఎర్ర పెన్నుతో రాసిస్తాను. ఈ రెండింటి వెనకా మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పని ఉంది. 1948లో యాభై మూడేళ్లకే పోయారు. ఆయనకు నోబెల్ రాలేదు. ఎక్కడ ఆగాడో, ఏ మాట దగ్గర కళ్లు నిలిచాయో ఆయన స్వయంగా చెప్పిన ముప్పావుగంట మనకు ఉండి ఉంటే నా షాపు ఒకరోజు మూసుకునైనా వినేవాణ్ని.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: ఈ ఏడాది బహుమతులతో మొదలుపెట్టవద్దు, మీ చేతిలో రోజూ ఉండే వస్తువు వెనక ఉన్న మనిషితో మొదలుపెట్టండి. మలేరియా మీద రోనాల్డ్ రాస్ 1902లో ఇచ్చింది తెలుగువాళ్లు తప్పక చదవాలి. ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో. ఇంటర్ బైపీసీ పిల్లలకైతే వారెన్, మార్షల్. మా షాపులో పనిచేస్తూ డీఫార్మసీ చదువుతున్న అబ్బాయికి అదే మొదట ఇచ్చాను. 'అన్నా, సెలవు రాకపోయుంటే ప్లేట్లు పారేసేవాళ్లు కదా' అని రెండు రోజులు అదే మాట మీద ఉన్నాడు.

భాష పెద్ద అడ్డంకి. దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. ఒకరోజు ఇంట్లో టు యుయు వీడియో మళ్లీ పెట్టుకుని చూస్తుంటే మా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రొంతసేపు విని, 'ఇది ఇంగ్లీషు కాదే, ఏం భాషరా' అంది. చైనా భాషమ్మా, ఆమె తన భాషలోనే చెబుతోంది, కింద ఇంగ్లీషులో పడుతుందని చెప్పాను. 'మరి నాకు కింద తెలుగులో పడదా?' అని అడిగింది.

ఆ రాత్రి నుంచి నోటుబుక్కులో ఒక్కో ఉపన్యాసం సారాంశం తెలుగులో రాస్తున్నాను. రెండు పేజీలకు మించకుండా, అమ్మకు చదివి వినిపించి, ఆమెకు అర్థం కానిచోట కొట్టేసి తిరగరాస్తూ. ఇప్పటికి ఇరవై మూడు అయ్యాయి. ఫ్లెమింగ్ చెప్పిన మొగుడూపెళ్లాల కథ ఒక పేజీ జిరాక్స్ తీసి కౌంటర్ అద్దం మీద అతికించాను. చదివి, నాలుగు మాత్రల మాట ఎత్తకుండా డాక్టర్ దగ్గరికి పోయినవాళ్లు ఉన్నారు.